పట్టలేదు కాదు, పట్టదు

రంగులమ్మకు కోపం తెప్పించడానికి తిట్టనక్కర్లేదు. ఆమె చేసిన స్లైడును కిటికీ వెలుతురుకెత్తి చూసి, "రంగు పట్టలేదే" అంటే చాలు. వండిన మనిషితో ఉప్పు మరిచిపోయావని పదిమందిలో అంటే ఎలా ఉంటుందో, ఆమెకు అలా ఉంటుంది. ఇరవయ్యారేళ్లుగా ఆ పశువైద్య కళాశాలలో మెదళ్లను కాగితంకన్నా పల్చగా కోసి, ఆ ముక్కలకు రంగులు వేసి, గాజుపలకల మీద పరిచే పని ఆమెది. కొత్తగా చేరిన మాస్టార్లకు కూర్చోవలసిన కుర్చీ చూపించకముందే, ఆమె దగ్గర ఆ మాట అనకూడదని పాతవాళ్లు చెవిలో వేసేవారు.

ఆమె గది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒక గోడకు కోత యంత్రం, దాని పక్కన కోసిన ముక్కలు దాచే ఫ్రీజరు, ఆ పక్కన రంగు గిన్నెలను వెచ్చగా ఉంచే పెట్టె. చేతులు కడిగే తొట్టి ఒకప్పుడు తెల్లగా ఉండేదని ఆమె చెబితే నమ్మాలి తప్ప, ఇప్పుడు ఊదా, నీలం, గులాబీ మరకల మధ్య తెలుపును వెతుక్కోవాలి. ఆమె గోళ్ల అంచులూ అంతే. నలుగురిలోకి వెళ్లినప్పుడు చేతులు కాస్త దాచుకోమని అత్తగారు కొత్తలో అంటూ ఉండేది. "పనిచేస్తే అంటిన రంగు అత్తయ్యా, లంచం తీసుకుని పట్టుబడితే అంటింది కాదు," అని కోడలు ఒకసారి నవ్వుతూనే అనేసరికి ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. సొంత పేరు ఆఫీసు రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది. డిపార్టుమెంటులో మాత్రం అందరికీ ఆమె రంగులమ్మే.

ఆమె మరిది కూడా అదే కళాశాలలో ఉన్నాడు, కానీ విద్యార్థిగా. పదిహేనేళ్లు పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టి, సూదులు వేసి, నలభయ్యో పడి దగ్గరికొస్తుండగా సెలవు పెట్టి డాక్టరు చదువులో చేరాడు. క్లాసులో మిగతావాళ్లంతా ఇరవై ఏళ్ల లోపువాళ్లు. మొదటి వారంలోనే అతనికి తాతయ్య అని పేరు పెట్టేశారు. తాతయ్య గేదె కడుపులో చెయ్యి పెట్టి దూడ ఎటు తిరిగి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఆ కళ్లు వాటంతట అవే మూసుకుంటాయి. శరీర నిర్మాణం పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే సీటు పోతుంది. మళ్లీ వెళ్లి కట్లు కట్టుకోవలసిందే.

"వాడికి పుస్తకం తలకెక్కదమ్మా. నువ్వు చెబితే ఎక్కుతుంది. వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను," అంది అత్తగారు.

అత్తగారు ఒక మనిషిని చేతుల్లో పెట్టిందంటే పెట్టినట్టే. ఇక మరిది తప్పితే వదిన తప్పినట్టు లెక్క. రంగులమ్మ ఆ మాటకు ఒప్పుకుంది, పైగా లోలోపల కాస్త పొంగింది కూడా. ఆమె చదివింది పదో తరగతి. డాక్టరు కాబోయేవాడికి మెదడు గురించి చెప్పమని ఇంట్లోవాళ్లు తనను అడిగారంటే మాటలా?

ఆదివారం పూట మ్యూజియం తాళం తీయించి, మరిదిని బొమ్మల ముందు కూర్చోబెట్టేది. ఒకటి మేక మెదడు, ఇంకొకటి కోడి మెదడు. రెండూ ప్లాస్టరుతో పెద్దవిగా పోతపోసి, నిలువునా సగానికి కోసినట్టు చేసినవి. వాటికి రంగులు వేసింది ఆమే. మేక మెదడు పైనంతా మడతలు మడతలుగా కప్పుకున్న బెరడుకు నీలం. లోపల అడుగున ఉండే చారల ముద్దకు గోధుమరంగు. కోడి మెదడుకు మడతలు లేవు, గోలీలా నున్నగా ఉంటుంది. దానికీ అడుగున ఒక చిన్న మూలకు మాత్రమే గోధుమరంగు వేసి, పైనున్న మిగతా భాగమంతా నీలం వేసింది. అంటే కోడిలో ఆ పెద్ద భాగం మేక బెరడుకు చుట్టమేనని చెప్పినట్టు. తరగతిలో చదివే పుస్తకంలో అలా లేదు. పుస్తకంలో కోడి తల నిండా గోధుమ చారలే.

ఆ నీలం రంగు వెనక ఒక కథ ఉంది, అందులో మొదట పప్పులో కాలేసింది రంగులమ్మే. పన్నెండేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని కొత్త రంగు పద్ధతి ఒకటి తెచ్చింది. ముక్కను ఒక మందునీళ్లలో నానబెట్టి, తర్వాత రెండో మందులో ముంచితే, చారల ముద్దలో ఉండే ఒక పదార్థం గోధుమరంగుకు తిరుగుతుంది. మేక ముక్కలో చక్కగా తిరిగింది. కోడి ముక్కలో అడుగున గోరంత మూల తప్ప మిగతాదంతా తెల్లగానే ఉండిపోయింది. రంగు పట్టలేదనుకుంది రంగులమ్మ. సిగ్గుతో ఎవరికీ చూపించకుండా పారేసి మళ్లీ చేసింది. మందు మార్చింది, గిన్నె మార్చింది, వేడి పెంచింది, తగ్గించింది. ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ అదే గోరంత మూల. ఏడోసారి విసిగిపోయి, మేక ముక్కనూ కోడి ముక్కనూ ఒకే గిన్నెలో పడేసింది. మేక ముక్క గోధుమరంగుకు తిరిగింది, దాని పక్కనే తేలుతున్న కోడి ముక్క ఎప్పటిలాగే మొండికేసింది. మందు మంచిదే, గిన్నె మంచిదే, చెయ్యీ మంచిదే. అంటే ఆ తెల్లటి భాగం చారల ముద్ద కానే కాదు. ఆ రోజు ఆమె కుర్చీలో కూలబడి, తనలో తానే చాలాసేపు నవ్వుకుంది. అప్పటి పెద్దసారుకు, అంటే విభాగాధిపతికి, చెబితే, "పుస్తకంతో మనకెందుకమ్మా," అన్నాడు. ఆమె పుస్తకం జోలికి పోలేదు. బొమ్మకు రంగు వేసేటప్పుడు మాత్రం తాను చూసిందే వేసింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి కళాశాల నుంచి పరీక్షించడానికి వచ్చిన ప్రొఫెసరు ఎవరో తెలిసేసరికి విద్యార్థుల గుండెల్లో రాయి పడింది. వాళ్లు చదివే పుస్తకం రాసింది ఆయనే. ఆయన్ను అందరూ పుస్తకంగారనే పిలుస్తారు. ఆయన ప్రశ్నకు ఆయన వాక్యమే జవాబు, అందులో ఒక్క పదం మారినా కనుబొమలు పైకి లేస్తాయట.

మ్యూజియం హాల్లో ఎముకల బీరువాల మధ్య బల్ల వేశారు. పుస్తకంగారు బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన ఇప్పటి పెద్దసారు, ఎవరు ఏమన్నా తలూపే మనిషి. అడిగిన స్లైడు అందివ్వడానికి రంగులమ్మ మైక్రోస్కోపు దగ్గర నిలబడింది. పదకొండింటికి తాతయ్య వంతు వచ్చింది. ఇస్త్రీ చొక్కాలో అతను పెళ్లిచూపులకు వచ్చినట్టున్నాడు.

పుస్తకంగారు కర్రతో కోడి మెదడు బొమ్మను తట్టాడు. "ఇదేమిటి?"

"కోడి మెదడండి."

"అది నాకూ తెలుసు. పైనున్న ఈ పెద్ద భాగం ఏమిటి, ఏం చేస్తుంది?"

తాతయ్య వదిన వైపు చూడలేదు. చూడొద్దని ఆమె ముందే గట్టిగా చెప్పింది. "మేకకి పైనున్న బెరడు చేసే పనే కోడికి ఇది చేస్తుందండి. చూడ్డం, వినడం, గుర్తుపెట్టుకోవడం, ఏం చెయ్యాలో తేల్చుకోవడం."

"బెరడా? బెరడుకి ఆరు పొరలుండాలిగా. ఏవీ?"

"కోడికి అలాంటి పొరలుండవండి. కణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. మేకది మేడండి, అంతస్తు మీద అంతస్తు. కోడిది ఒకే నేల మీద పక్కపక్కన గదులు. కాపురం మాత్రం ఒకటే."

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. రంగులమ్మ నవ్వలేదు. మేడ, గదులు అన్న మాట ఆమె చెప్పింది కాదు, మరిది సొంతంగా కల్పించుకున్నది. తలకెక్కందే అలాంటి మాట నోటికి రాదు.

"నా పుస్తకం చదివావా?" అన్నాడు పుస్తకంగారు.

"రెండుసార్లు చదివానండి. రెండుసార్లూ తప్పానండి."

తాతయ్య ఉన్న మాటే చెప్పాడు. విన్నాయనకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "పక్షికి బెరడు లేదు. దాని తలలో ఉన్నదంతా చారల ముద్దే. పుట్టుకతో వచ్చిన అలవాట్లు తప్ప దానికి ఆలోచన ఉండదు. తెలివితక్కువవాణ్ణి కోడిబుర్ర అనేది ఊరికే కాదు. ఎవరు చెప్పారు నీకిదంతా?"

"బొమ్మ చెప్పిందండి," అన్నాడు తాతయ్య, వదిన పేరు బయటికి రాకుండా.

పుస్తకంగారు అతని పేరు ఎదురుగా సున్నా వేయడానికి కలం తీశాడు, వేసేముందు బొమ్మ వైపు తిరిగాడు. "ఈ బొమ్మకి రంగులు ఎవరు వేశారు?"

పెద్దసారు గొంతు సవరించుకునేలోపే రంగులమ్మ చెప్పింది. "నేనేనండి."

"ఏం చూసి వేశావమ్మా?"

"స్లైడు చూసి వేశానండి."

"ఏదీ, తీసుకురా."

ఆమె పన్నెండేళ్ల కిందటి స్లైడు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు, పట్టుమని పది క్షణాలు కూడా చూడలేదు. తలెత్తి, "దీనికి రంగు పట్టలేదు," అన్నాడు.

హాల్లో ఉన్న పాతవాళ్లకు ఊపిరి ఆగినంత పనయింది. పెద్దసారు కళ్లు నేలకు దించుకున్నాడు. రంగులమ్మ మొహం ఎర్రబడింది, కానీ గొంతు లేవలేదు.

"పట్టలేదు కాదండి, పట్టదు," అంది. "పట్టలేదంటే అది నా చేతి తప్పు. పట్టదంటే అది దాని గుణం. రెండూ ఒకటి కాదండి. మొదట నేనూ మీలాగే అనుకుని ఆరుసార్లు పారేశాను."

పెద్దసారుకు ఎక్కడినుంచి వచ్చిందో కాస్త ధైర్యం వచ్చింది. "పక్షి మెదడు భాగాలకి పేర్లు మార్చారని నేనూ ఎక్కడో చదివాను సార్. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూర్చుని..."

"పేర్లు మారిస్తే మెదడు మారుతుందా? చదివిన మాటలు కాదు, నాకు కంటికి కనపడాలి."

"అయితే మీ కంటి ముందే చేస్తాను," అంది రంగులమ్మ. "మేక ముక్క, కోడి ముక్క ఒకే గిన్నెలో. మేకకి రంగు పట్టి కోడికి పట్టకపోతే అప్పుడు చెప్పండి. రెండున్నర గంటలు పడుతుంది. ఇంకో మాట. ఇందాక జవాబు చెప్పినాయన మా మరిది. తర్వాత తెలిస్తే బాగుండదు."

అప్పటికే తలుపు దగ్గరికి తప్పుకున్న తాతయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడా చెప్పడం అన్నట్టు.

పుస్తకంగారు ఆమెను ఎగాదిగా చూశాడు. "అలాగా. అయితే ముక్కలు నేనే ఎంచుతాను. గిన్నెలో నేనే వేస్తాను. పద, నీ గది చూపించు."

తన గదిలో ఫ్రీజరు తలుపు తీసి ఆమె పక్కకు తప్పుకుంది. ఆయన డబ్బాలను ఒక్కొక్కటే ముందుకు లాగి చూశాడు. మేక డబ్బా, కోడి డబ్బా తీశాడు. ఇంకా లోపలికి చెయ్యి పెట్టి అడుగునున్న ఒక డబ్బాను పైకి తెచ్చాడు. దాని మీద కాకి అని రాసి ఉంది.

"ఇది కూడా వేద్దాం."

"కాకికి ఈ రంగు నేనెప్పుడూ వేయలేదండి," అంది రంగులమ్మ. ఉన్న మాట. రెండేళ్ల కిందట కరెంటు తీగ తగిలి చచ్చిపడిన కాకిని ఎవరో తెచ్చిస్తే, కోసి, ఒక ముక్కకు కణాలు కనపడే మామూలు రంగు వేసి దాచింది తప్ప ఈ రంగు జోలికి పోలేదు.

"అందుకే వేద్దామంటున్నాను. కోడితో నీకు పన్నెండేళ్ల పరిచయం. కాకి నీకూ నాకూ కొత్తే."

కాకి ఏం చెబుతుందో ఆమెకు నిజంగానే తెలియదు. కాకి తల నిండా గోధుమరంగు తిరిగితే బొమ్మ అటకెక్కుతుంది, మరిది మళ్లీ పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టడానికి వెళతాడు, తాను అత్తగారి ముందు తలెత్తలేదు. పైగా రంగు మందు సీసాలో మిగిలింది ఒక్క గిన్నెకు సరిపడానే. కొత్త సీసా రావడానికి నెల పడుతుంది. కాదనడానికి వంద సాకులున్నాయి. కానీ ఒకసారి ఒకే గిన్నె అన్న మనిషి, ఆ గిన్నెలోకి ఇంకొకటి వస్తుంటే వద్దని ఎలా అంటుంది?

"వేయండి," అంది.

మందు కలిపి గిన్నెలో పోసింది. ఆయన మేక ముక్కను బ్రష్‌తో ఎత్తబోతే అది ముడుచుకుపోయింది. రంగులమ్మ ఊరుకోలేకపోయింది. "అలా పొడవకండి. బ్రష్‌ని పడుకోబెట్టండి. దాని కిందికి తోయండి. ఇప్పుడు లేపండి." ఆయనకు ఎవరైనా పని చెప్పి ఎన్నేళ్లయిందో ఏమో, మొహం చిట్లించాడు, కానీ చెప్పినట్టే చేశాడు. అరచేతిలో సగముండే మేక ముక్క, పావలా కాసంత కోడి ముక్క, దానికన్నా కాస్త పెద్దదైన కాకి ముక్క, మూడూ ఒకే నీళ్లలో తేలాయి. ఆయన గిన్నె మూత పెట్టి, కాగితం అతికించి సంతకం పెట్టి, వెచ్చటి పెట్టెలోకి తోశాడు.

మధ్యాహ్నం మిగతావాళ్ల పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. తాతయ్య వరండాలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. రంగులమ్మ బయటికి రాగానే దగ్గరికొచ్చాడు.

"ఎంత పని చేశావు వదినా. మరిదినని చెప్పకపోతే ఏం పోయింది?"

"చెప్పకుండా నెగ్గితే నెగ్గావని నువ్వే నమ్మవు."

"నమ్మేవాణ్ణి. నాకు ఆ మాత్రం పట్టింపు లేదు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "కాకి సంగతేంటి? మన వైపేనా?"

"తెలీదు."

"నీకు తెలీదా?" అతను మొదటిసారి నిజంగా భయపడ్డాడు. ఇంతకాలం వదినకు తెలియని మెదడు ఒకటుంటుందని అతనికి తోచనేలేదు. గోడకు చేరగిలబడి, "సరేలే. నాకు మాత్రం ఇందాక అక్కడ నిలబడి చెబుతుంటే బాగుంది. మొదటిసారి నాకు తెలిసిందే చెబుతున్నట్టనిపించింది. తప్పినా ఆ ముక్క పోదుగా," అన్నాడు.

"టిఫిన్ బాక్సు తెరిచావా లేదా?" అంది రంగులమ్మ.

రెండున్నర గంటలూ గడిచాయి. పుస్తకంగారు సంతకం సరిచూసుకుని తానే కాగితం చింపాడు. పెద్దసారు, ఇద్దరు మాస్టార్లు, గుమ్మంలో పదిమంది విద్యార్థులు. వాళ్ల తలల మీదుగా తాతయ్య తల. ముక్కలు మూడూ ఇంకా తెల్లగానే ఉన్నాయి, రంగు తేలేది రెండో మందులోనే. ఆ సీసా మూత తీసేసరికి గది నిండా కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. కొందరు ముక్కులు మూసుకున్నారు. పుస్తకంగారు మూసుకోలేదు. రంగులమ్మకు ఆ వాసన ఎప్పుడో అలవాటైపోయింది.

మూడు ముక్కల్నీ కడిగి రెండో గిన్నెలోకి మార్చింది. ముందుగా మేక ముక్కలో రంగు లేచింది. లోపలి చారల ముద్ద పాలు పోయని టీ రంగులోకి దిగి, చూస్తుండగానే ముదిరింది. దానిమీద మడతల బెరడు తెల్లగా నిలిచింది. ఆ తర్వాత కోడి. అడుగున గోరంత మూల గోధుమరంగుకు తిరిగి, అక్కడితో ఆగిపోయింది. కాకి మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఎక్కడా ఏ రంగూ లేదు.

"ఇదిగో," అన్నాడు పుస్తకంగారు. "కాకికి అసలే పట్టలేదు. మరి దీన్నేమంటావు?"

"ఆగండి," అంది రంగులమ్మ. అలా తాను ఒక ప్రొఫెసరుతో అన్నానని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. "రెండేళ్లు గడ్డకట్టి ఉన్న ముక్క. తీరిగ్గా తిరుగుతుంది."

గిన్నెను వేలితో మెల్లగా ఊపింది. అర నిమిషం గడిచింది. కాకి ముక్క అడుగున, లోపలి అంచు వెంట మసక గీత ఒకటి పుట్టింది. అది మెల్లగా గోధుమరంగుకు తిరిగి, చిన్న చంద్రవంకంత అయి, అంతకు మించి ఒక్క వెంట్రుకవాసి కూడా పైకి పాకలేదు. దాని పైనంతా తెలుపే. కోడిలో తెల్లటి భాగం పెద్దదైతే కాకిలో మరీ పెద్దది. ఉబ్బి, పక్కలకు పొంగి, ఉన్న చోటంతా ఆక్రమించుకుంది. రంగులమ్మ నోరెళ్లబెట్టి చూసింది. కాకి తన వైపు ఉండటమే కాదు, తాను అనుకున్నదానికన్నా ఎక్కువే చెప్పింది.

గుమ్మంలో గుసగుసలు మొదలయ్యాయి. పుస్తకంగారు చెయ్యెత్తి ఆపాడు. కాకి ముక్కను గాజుపలక మీదికి తీయించి మైక్రోస్కోపు కింద పెట్టి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. పలకను ఇటు జరిపాడు, అటు జరిపాడు. కణాలు కనపడేలా వేరే రంగు వేసిన పాత కాకి స్లైడు ఏదైనా ఉందా అని అడిగితే ఆమె ఇచ్చింది. అదీ చూశాడు. పొరలు లేవు. గుంపులు గుంపులుగా చిన్న చిన్న కణాలు, సందు లేకుండా కిక్కిరిసి.

"ఇంత చిన్న తలలో ఇన్నా," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"అవునండి. చిన్న పిట్ట మెదడూ ఎలుక మెదడూ ఒకే బరువున్నవి తీసుకుంటే, పిట్టలోనే రెండింతలు మించి కణాలున్నాయని లెక్కబెట్టారట," అన్నాడు పెద్దసారు. ఆ రోజు అది ఆయనకు రెండో ధైర్యం.

పుస్తకంగారు తలెత్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రంగులమ్మ ఎదురు చూసింది. పెద్దమనుషులు తప్పు తప్పించుకునే తీరు ఆమె చాలా చూసింది. పరిశీలించాల్సి ఉందంటారు, ఒక్క కాకితో తేలదంటారు, టైమయిందంటారు.

"మీ చెయ్యి మంచిదండీ," అన్నాడాయన. "తప్పు నాది. ముప్పై ఏళ్లుగా ఇది చారల ముద్ద అని చెబుతున్నాను. మా గురువుగారు చెప్పారు, నేను చెప్పాను, ఒకే గిన్నెలో వేసి చూద్దామని మా ఇద్దరికీ తోచలేదు."

పొద్దుటి నుంచి నువ్వు అంటున్న నోటితో ఆయన మీరు అన్నాడు. గదిలో అందరూ అది విన్నారు. రంగులమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వాసన ఘాటుకు కాదు. తిరిగినందుకు ఆమె సిగ్గుపడలేదు. ఇరవయ్యారేళ్ల పనికి ఆ మాట రావలసిందే, వచ్చింది.

ఆయన జేబులోంచి మార్కుల కాగితం తీసి, సున్నా వేయబోయిన చోట ఒక అంకె వేసి, పెద్దసారుకు చూపించాడు. పెద్దసారు తలూపాడు, ఈసారి మనస్ఫూర్తిగా. గుమ్మంలో తాతయ్యకు అంకె కనపడలేదు, కానీ పెద్దసారు మొహం కనపడింది. అతను పక్కనున్న కుర్రవాణ్ణి పట్టుకుని ఊపేశాడు.

"ఏమయ్యా, ఇలా రా," అని పిలిచాడు పుస్తకంగారు. "మేడ, గదులు అన్నావే. ఆ మాట నేను వాడుకోవచ్చా?"

"వాడుకోండి సార్. కాపురం మాట కూడా తీసుకోండి," అన్నాడు తాతయ్య.

అందరూ వెళ్లాక ఆయన వెళ్లలేదు. సంచిలోంచి తన పుస్తకం తీశాడు. అంచులు నలిగి, పక్కల్లో పెన్సిలు రాతలున్న సొంత ప్రతి. పక్షి మెదడు పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. అచ్చులో కోడి తల నిండా గోధుమ చారలు.

"వచ్చే ముద్రణకి దీన్ని సరిచేసి పంపాలి," అన్నాడు. "నాకు బొమ్మ వేయడం రాదు. ఇందాక బ్రష్ పట్టిన తీరు మీరే చూశారుగా."

రంగులమ్మ అరలోంచి బొమ్మలకు వేసే రంగులు తీసింది. ముందు చారలన్నీ మాసిపోయేలా తెల్లరంగు పూసింది. అది ఆరేదాకా ఆగింది. తర్వాత సన్న బ్రష్‌ను నీలంలో ముంచింది. పాత పుస్తకం కావడంతో పేజీ పైకి లేస్తోంది. ఆయన రెండు చేతులతో రెండు అంచులూ అదిమిపెట్టాడు.

"గీత దాటకుండా చూడండి," అన్నాడు, అలవాటు కొద్దీ.

"నా చెయ్యి గీత దాటదండి. మీరు పేజీ కదలకుండా పట్టుకోండి," అంది రంగులమ్మ.

ఆయన ఊపిరి బిగబట్టి, కదలకుండా పట్టుకున్నాడు.